కిరాయి ఇల్లు, కాసింత వేడి

మా అమ్మాయి అమెరికా వెళ్ళిన మొదటి ఏడాది, నవంబరు నుంచి అనుకుంటా, వీడియో కాల్‌లో ఎప్పుడు చూసినా తలకు ఉన్ని టోపీతోనే కనిపించేది. "బయటికి పోతున్నవా బిడ్డా?" అంటే "లేదమ్మా, ఇంట్లనే ఉన్న" అనేది. కొత్త ఫ్యాషన్ కాబోలనుకున్నాను. నవ్వాను కూడా. ఆ టోపీ సంగతి నాకు అర్థం కావడానికి జనవరి దాకా పట్టింది.

ఇందులో నా తప్పు ఉంది కాబట్టి ముందే చెప్పేస్తాను. న్యూజెర్సీలో ఎమ్మెస్ సీటు వచ్చాక ఆగస్టులో తనూ ఇంకో అమ్మాయీ కలిసి ఇల్లు వెతుకుతుంటే, రెండు ఇళ్ళ ప్రకటనలు నాకు పంపింది. ఒకటి జెర్సీ సిటీలో జర్నల్ స్క్వేర్ దగ్గర, పాత బిల్డింగులో మూడో అంతస్తు. రైలు స్టేషన్‌కు అయిదు నిమిషాల నడక. "హీట్, హాట్ వాటర్ ఇంక్లూడెడ్" అని రాసి ఉంది. రెండోది ఒక ఇంటి సెల్లార్‌లో గది. స్టేషన్‌కు పాతిక నిమిషాలు నడవాలి, హీట్ ఖర్చు మనదే, కానీ కిరాయి నెలకు రెండు వందల డాలర్లు తక్కువ. బ్యాంకు లోను నెత్తి మీద ఉంది. నేను వెంటనే రూపాయల్లోకి మార్చి లెక్క కట్టాను. "తల దాచుకోను జాగ ఉంటే చాలదా? వయసులో ఉన్నోళ్ళు పాతిక నిమిషాలు నడవలేరా?" అన్నాను. నా బిడ్డ నా మాట విన్నది.

జనవరిలో ఒక రోజు ఫోన్ తనతో ఉన్న అమ్మాయి ఎత్తింది. మా దానికి జ్వరం, దగ్గు, వారం నుంచీ ఉందట, నాకు చెప్పొద్దన్నదట. కెమెరా తిప్పి చూపించమన్నాను. గదిలో ఒక చిన్న కరెంటు హీటరు. రెండోది పెడితే ఫ్యూజు కొట్టేస్తుందట. ఇంటాయనకు ఫోన్ చేస్తే "వచ్చే వారం చూస్తా" అంటాడట, ఆ వారం ఎప్పటికీ రాదట. ఇద్దరూ జాకెట్లు వేసుకుని పడుకుంటున్నారు. నేను పంపిన రెండు దుప్పట్లూ కిటికీకి అడ్డంగా కట్టి ఉన్నాయి.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా రామన్నపేటలో ఆ రోజు చలికి ఊరంతా వణుకుతోంది. ఎంత చలి అంటారా, పదిహేను డిగ్రీలు.

నేను చదివింది బీఏ తెలుగు. బాయిలరూ పైపుల సంగతి నాకేం తెలుసు? కానీ బిడ్డకు మళ్ళీ ఇల్లు వెతకాలి, ఈసారి నేను తెలియక సలహా ఇవ్వకూడదు. అలా మొదలైంది నా చదువు. మధ్యాహ్నం పని అయిపోయాక ఫోన్‌లో చదువుతూ పోతే, ఇంటి వేడికి ఇంత చరిత్ర ఉందా అని ఆశ్చర్యపోయాను. అందులోనూ అడుగడుగునా ఆడవాళ్ళే.

మనకు చలికాచుకోవడం అంటే ఇంటి పని కాదు, వాకిలి పని. పొద్దున్నే నాలుగు పుల్లలు, కంది కట్టె వేసి మంట పెడితే చుట్టుపక్కల వాళ్ళంతా చేరతారు. ఇంట్లోకి నిప్పు వచ్చేది ఒక్క సందర్భంలోనే, బాలింత మంచం కింద కుంపటి. తక్కిన వాళ్ళకు గొంగడి చాలు. పక్షం రోజులు ఓర్చుకుంటే శివరాత్రికి చలి "శివశివా" అంటూ పోతుంది. అక్కడ అలా కాదు. అయిదారు నెలలు ఇల్లు వెచ్చగా లేకపోతే మనిషి బతకడు. అందుకే అక్కడ కిరాయి ఇల్లంటే నాలుగు గోడలు మాత్రమే కాదు, గోడల మధ్య వేడి కూడా కలిపితేనే ఇల్లు.

కానీ ఆ లెక్క కుదరడానికి చాలా ఏళ్ళు పట్టింది. వంద నూటపాతికేళ్ళ కింద న్యూయార్క్‌లో పేదవాళ్ళుండే కిరాయి మేడల్లో ఎవరి గదికి వాళ్ళదే బొగ్గు పొయ్యి. వంటా దాని మీదే, వేడీ దాని నుంచే. బొగ్గు కొనుక్కుని అయిదేసి అంతస్తులు మోసుకెళ్ళాలి, బూడిద కిందికి మోసుకురావాలి. ఆ మోత ఎవరిదో మీకు చెప్పక్కర్లేదు. 1901లో న్యూయార్క్‌లో కిరాయి మేడల మీద గట్టి చట్టం వచ్చింది. కొత్తగా కట్టే ప్రతి గదికీ కిటికీ ఉండాలి, ప్రతి వాటాకూ నీళ్ళూ మరుగుదొడ్డీ ఉండాలి అన్నది.

1907 చివర్లో, నడి చలికాలంలో, అక్కడి లోయర్ ఈస్ట్ సైడ్‌లో కిరాయిల సమ్మె జరిగింది. దాన్ని నడిపింది పాలీన్ న్యూమన్ అని ఇరవై ఏళ్ళు దాటిందో లేదో అనే పిల్ల. లిథువేనియా నుంచి వలస వచ్చి ట్రయాంగిల్ బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసేది. పగలు ఫ్యాక్టరీలో పని, సాయంత్రం ఇంటింటికీ తిరిగి గృహిణులను కూడగట్టడం. దాదాపు పది వేల కుటుంబాలు కిరాయి కట్టబోమని కూర్చున్నాయి. రెండు వేల కుటుంబాలకు దాకా కిరాయి తగ్గింది. పత్రికలు ఆమెను ఈస్ట్ సైడ్ జోన్ ఆఫ్ ఆర్క్ అన్నాయి. అప్పటి ఫొటోలో ఆమెను చూస్తే మన డిగ్రీ కాలేజీ పిల్లలాగే ఉంటుంది.

ఇంతలో పైవాళ్ళ ఇళ్ళలోకి ఆవిరి వచ్చేసింది. నాకు బాగా నచ్చిన భాగం ఇదే, కొంచెం వివరంగా చెప్తాను. బిల్డింగు అడుగున ఒకే ఒక్క పెద్ద బాయిలరు. అందులో నీళ్ళు మరిగితే ఆవిరి పైపుల్లోంచి తనంతట తానే పైకెక్కుతుంది, మోటారు అక్కర్లేదు. గదిలో ఇనప మడతల రేడియేటరులోకి వచ్చి, తన వేడి దానికిచ్చి, చల్లబడి నీళ్ళయి మళ్ళీ కిందికి జారిపోతుంది. ఇడ్లీ కుక్కర్ మూత కింద మనం రోజూ చూసేదే! పాత ఇళ్ళలో ఆవిరి పైకెళ్ళడానికీ నీళ్ళు కిందికి రావడానికీ ఒకటే పైపు ఉంటుంది. అందుకే రేడియేటరును వాల్వు వైపు కాస్త వాలుగా నిలబెట్టాలి. వాలు తప్పితే నీళ్ళు నిలిచి, ఆవిరి వచ్చి వాటిని గుద్దుతుంది. సుత్తితో కొట్టినట్టు టంగుటంగుమని మోత. కాలు కింద చిన్న చెక్కముక్క పెడితే చాలాసార్లు సరిపోతుందట. 1882 నుంచి న్యూయార్క్‌లో ఒక కంపెనీ ఏకంగా వీధుల కింద పైపులు వేసి ఆవిరి అమ్మడం మొదలుపెట్టింది. ఇప్పటికీ అమ్ముతున్నారు. సినిమాల్లో న్యూయార్క్ రోడ్డు మధ్యలోంచి పొగలు లేస్తుంటాయే, అందులో చాలావరకు అదే.

ఇంకో విచిత్రం. ఆ పాత బిల్డింగుల్లో జనవరిలో కూడా కిటికీలు తెరిచి ఉంటాయి. మా అమ్మాయి మొదట చెప్పినప్పుడు ఎవరో పిచ్చివాళ్ళనుకున్నాను. ఆవిరి పద్ధతుల మీద రాసేవాళ్ళు దీనికి కారణం చెప్తారు. 1918లో వచ్చిన ఫ్లూ, మన దగ్గరా లక్షల మందిని పొట్టన పెట్టుకున్న ఆ మహమ్మారి, గాలి ద్వారా పాకుతుందని తెలిసి, చలికాలమైనా కిటికీలు తెరిచి పడుకోమని ఆరోగ్య శాఖల వాళ్ళు చెప్పారు. దాంతో ఇంజనీర్లు ఎముకలు కొరికే చలి రోజున కిటికీ తెరిచినా గది వెచ్చగా ఉండేంత పెద్ద బాయిలర్లు, రేడియేటర్లు పెట్టారు. ఫ్లూ పోయింది, రేడియేటర్లు మిగిలాయి. మొన్నటి కరోనాలో తలుపులు తీసి పెట్టండని మనకూ చెప్పారు కదా, అది గుర్తొచ్చింది.

అయితే ఒకే బాయిలరు అంటే దాని తాళం ఇంటి యజమాని చేతిలో. అతను బొగ్గు వెయ్యకపోతే బిల్డింగంతా గడ్డకట్టాల్సిందే. మొదటి ప్రపంచ యుద్ధంలో 1917-18 చలికాలం ఇదే జరిగింది. బొగ్గు ఎంత కరువంటే, 1918 జనవరిలో ఇంధన వ్యవహారాలు చూసే హ్యారీ గార్ఫీల్డ్ మిసిసిపీ నదికి తూర్పున ఫ్యాక్టరీలన్నీ అయిదు రోజులు మూయించి, ఆ తర్వాత సోమవారాలు కూడా మూయమన్నాడు. ఇళ్ళు చల్లబడ్డాయి. యుద్ధం అయ్యాక కిరాయిలు మాత్రం వేడెక్కాయి. వేడి లేని ఇంటికి ఎక్కువ కిరాయా అని మళ్ళీ సమ్మెలు. 1920లో న్యూయార్క్ రాష్ట్రం కిరాయిలకు పగ్గం వేసే చట్టాలు చెయ్యక తప్పలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1919 డిసెంబరు 23న, న్యూజెర్సీలోని మోరిస్‌టౌన్‌కు చెందిన ఆలిస్ పార్కర్ అనే నల్లజాతి మహిళకు ఒక పేటెంటు వచ్చింది. కట్టెలూ బొగ్గూ కాకుండా గ్యాసుతో ఇల్లు వేడిచేసే కొలిమి అది. ఒక్కో గదికి వేడి గాలి విడిగా పంపి, విడిగా ఎక్కించుకుని తగ్గించుకునే ఏర్పాటు అందులో ఉంది. బూడిద ఎత్తిన చేతులకే ఈ ఆలోచన వచ్చి ఉంటుందని నా నమ్మకం.

ఇంకొక ఆలిస్ గురించి చెప్పకుండా ముందుకు పోలేను. ఆలిస్ ఐర్లండ్, న్యూజెర్సీలోని కామ్‌డెన్‌లో ఒక వాటాలో కిరాయికి ఉండేది. నెలకు 95 డాలర్లు. 1969 జూన్‌లో మరుగుదొడ్డి పగిలి నీళ్ళు కారుతుంటే యజమాని కోసం ఎంత ప్రయత్నించినా దొరకలేదు. ఆమె ప్లంబరును పిలిచి 85 డాలర్ల 72 సెంట్లకు బాగుచేయించుకుంది. ఆ రసీదుతో పాటు మిగిలిన 9 డాలర్ల 28 సెంట్లు కిరాయి కింద పంపించింది. యజమాని మారీనీ ఖాళీ చేయించమని కోర్టుకెక్కాడు. 1970లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు ఆమె పక్కన నిలిచింది. ఇల్లు కిరాయికి ఇచ్చావంటే అది ఉండటానికి పనికొచ్చేలా ఉంచుతానని మాట ఇచ్చినట్టే, ఒప్పందంలో రాయకపోయినా సరే. తప్పనిసరి వసతి పాడై, చెప్పినా బాగుచెయ్యకపోతే కిరాయిదారు బాగుచేయించుకుని కిరాయిలో పట్టుకోవచ్చు అంది. ఒక ఇల్లాలి చిల్లర లెక్క నుంచి వచ్చిన తీర్పు. మా దాని నోటీసు బలం కూడా అక్కడిదే, ఆ మాటకు తర్వాత వస్తాను.

ఇప్పుడు న్యూజెర్సీలో అక్టోబరు 1 నుంచి మే 1 దాకా పొద్దున ఆరు నుంచి రాత్రి పదకొండు వరకు ఇంట్లో 68 ఫారెన్‌హీట్ డిగ్రీలు, రాత్రి 65 తగ్గకుండా చూడాలి. అంటే మన లెక్కలో 20, పద్దెనిమిది పైచిలుకు. న్యూయార్క్‌లో రాత్రికి 62. మా ఆయనకు చదివి వినిపిస్తే పగలబడి నవ్వాడు. "ఇరవై డిగ్రీలంటే మనం చెద్దర్లు తీస్తం, వాళ్ళు దాన్నే వేడి అంటరా!" నిజమే. కానీ ఒక సంఖ్య, ఒక తేదీ కాగితం మీద ఉండడం ఎంత పెద్ద సంగతో మన నల్లగొండ వాళ్ళకు తెలుసు. మనకూ ఒక సంఖ్య ఉంది, లీటరు నీళ్ళలో ఒకటిన్నర మిల్లీగ్రాముల ఫ్లోరైడ్. అది దాటితే పళ్ళు, ఇంకా దాటితే ఎముకలు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి నీళ్ళలోంచి ఫ్లోరైడ్ తీసే విధానాన్ని నాగపూర్‌లోని నీరి సంస్థ వాళ్ళు రూపొందించి దానికి మన జిల్లా పేరే పెట్టారు, నల్లగొండ టెక్నిక్ అని. ఏ జిల్లాకైనా ఇలాంటి కీర్తి కావాలా? మిషన్ భగీరథ పైలాన్‌ను 2015 జూన్‌లో మన చౌటుప్పల్‌లోనే ఆవిష్కరించారంటే ఊరికే కాదు.

నా చిన్నప్పుడు మా నాన్న ఉద్యోగం బదిలీల్లో కిరాయి ఇళ్ళు మారుతుండేవాళ్ళం. నాన్న కిరాయి ఎంతని అడిగేవాడు. అమ్మ మాత్రం ఇంటివాళ్ళ పిల్లలను దగ్గరికి పిలిచి, పేరేంది, ఏం చదువుతున్నవ్ అని నవ్వించేది. ముద్దుకు కాదు, పండ్లు చూడటానికి. పసుపు గార, గోధుమ రంగు చారలు కనిపిస్తే "ఈ ఇల్లు వద్దు" అనేది. ఎంత తక్కువకు ఇచ్చినా సరే. ఇంటివాళ్ళు "మా బావి నీళ్ళు కొబ్బరి నీళ్ళే" అని ఎన్ని చెప్పినా ఆమెకు పిల్లల పండ్లే సాక్ష్యం.

ఆ తల్లి కడుపున పుట్టి, బిడ్డకు ఇల్లు చూసే వేళకు నేను కిరాయి ఒక్కటే చూశాను.

ఇక రైలు సంగతి. చలి దేశంలో స్టేషన్‌కు దగ్గర అంటే సుఖం కోసం అనుకునేదాన్ని. మా రామన్నపేటకూ పగిడిపల్లి–నల్లపాడు లైనులో స్టేషన్ ఉంది, అయినా మేము హైదరాబాద్ పోవాలంటే చిట్యాల మీదుగా బస్సులో ఎల్బీనగర్‌కే చేరతాం. మా అమ్మాయి బీటెక్ అప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్‌లో ఉండేది. 2018 సెప్టెంబరులో ఎల్బీనగర్ దాకా మెట్రో వచ్చింది. స్టేషన్ పక్కన ఇల్లంటే కిరాయి ఎక్కువ అని అప్పుడు తెలిసింది, ఎందుకు ఎక్కువో తెలియలేదు. అక్కడ రాత్రి పది గంటలకు లైబ్రరీ నుంచో పార్ట్‌టైమ్ పని నుంచో వచ్చే ఆడపిల్లకు మంచులో పాతిక నిమిషాలంటే రోజూ ఒక పరీక్ష. వేడి లేని గదికి ఆ నడక తోడైతే ఇక ఒళ్ళు ఎప్పుడు తేరుకుంటుంది?

జెర్సీ సిటీ నుంచి న్యూయార్క్‌కు మధ్యలో హడ్సన్ నది. పడవలే దిక్కుగా ఉన్న చోట 1908లో నది అడుగున సొరంగం తవ్వి రైలు నడిపారు. జర్నల్ స్క్వేర్‌కు 1912లో వచ్చింది. 1962లో ప్రభుత్వ సంస్థ చేతికి వచ్చి పాత్ అన్న పేరు పడింది. రాత్రీ పగలూ నడుస్తుంది. 1965లో అమెరికా వలస చట్టం మారాక మన దేశం వాళ్ళు ఆ స్టేషన్ చుట్టూ చేరారు. కారు లేకపోయినా బతకొచ్చు, పాత బిల్డింగుల్లో కిరాయి తక్కువ. నూవర్క్ అవెన్యూ నిండా చీరల దుకాణాలు, మిఠాయి కొట్లు, ఇండియా స్క్వేర్ అనే పేరు. ఆ సుఖం ఊరికే రాలేదు. 1987లో డాట్‌బస్టర్స్ అని ఒక ముఠా బయల్దేరింది. డాట్ అంటే మన బొట్టు. బొట్టు పెట్టుకున్న ఆడవాళ్ళు కనిపిస్తే దాడి చేస్తామని పత్రికకు ఉత్తరమే రాశారు. ఆ సెప్టెంబరులో పక్కనే ఉన్న హోబోకెన్‌లో నవ్‌రోజ్ మోదీ అనే యువకుణ్ణి కొట్టి చంపారు. స్టేషన్ నుంచి ఇంటికి పోతూ కొంగుతో నుదురు తుడుచుకున్న అక్కలు ఎందరో ఉండే ఉంటారు. ఇవాళ మా అమ్మాయి అదే వీధిలో కరివేపాకు కొంటోంది.

ఫిబ్రవరిలో తను ఇంటాయనకు ఫోన్లు మానేసి కాగితం మీద రాసింది. గదిలో థర్మామీటరు పెట్టి, ఏ రోజు ఏ గంటకు ఎన్ని డిగ్రీలో పది రోజులు రాసి, నగరపాలక సంస్థకు కూడా ఫిర్యాదు చేస్తానని చెప్పి పంపింది. వారంలో మనిషి వచ్చాడు. గది పూర్తిగా వెచ్చబడలేదు గానీ గడువుకు ముందు ఖాళీ చేస్తామంటే అడ్వాన్సు పట్టుకోకుండా ఒప్పుకున్నాడు.

తర్వాత ఇల్లు వెతికేటప్పుడు నేను ఒకటే చెప్పాను. ప్రకటన చూడకు, చీకటి పడ్డాక పోయి చూడు. స్టేషన్ నుంచి నువ్వే నడిచి గడియారం చూసుకో. వేడి ఎవరి ఖర్చు, మీట ఎవరి చేతిలో, గ్యాసా కరెంటా అడుగు. కరెంటు హీటర్లయితే బిల్లు చూపించమను. రేడియేటర్ మీద చెయ్యి పెట్టి చూడు. ముఖ్యంగా, ఇప్పుడు ఆ ఇంట్లో ఉంటున్నవాళ్ళు ఎట్లున్నారో చూడు.

మార్చి మొదట్లో జర్నల్ స్క్వేర్ దగ్గర ఒక ఇల్లు చూసి వచ్చి ఫోన్ చేసింది. స్టేషన్ నుంచి ఏడు నిమిషాలు. తలుపు తీసిన గుజరాతీ అమ్మాయి పొట్టి చేతుల చొక్కాతో, చెప్పులు లేకుండా ఉందట. వెనక కిటికీ బెత్తెడు తెరిచి ఉందట. మా పిల్ల ఇంకేం అడగలేదు.

కిరాయి రెండు వందల ముప్పై ఎక్కువ. మా ఆయన ఏం మాట్లాడలేదు. నేను చీటీ ఒకటి ముందుగా పాడుకున్నాను.

మొన్న డిసెంబరులో ఫోన్ రేడియేటర్ దగ్గర పెట్టి వినిపించింది. ముందు సన్నగా బుస్‌మని, తర్వాత రెండుసార్లు టంగుమని. మీద ఒక గిన్నెలో నీళ్ళు పెట్టుకుంది, గాలి ఎండిపోకుండా. తలకు టోపీ లేదు. పక్కనే మా అమ్మ కూర్చుని ఉంది. ఎనభై దగ్గర పడ్డ మనిషి, చెవి సరిగా వినపడదు. ఇల్లు మంచిగ దొరికిందని, రైలు దగ్గరని, వెచ్చగ ఉందని గట్టిగా చెప్పాను. అంతా విని తల ఊపి అడిగింది:

"ఇంటోళ్ళ పిల్లల పండ్లు చూసిందా మరి?"